జుట్టు నాటినా దాచక తప్పదు

జుట్టు నాటే శస్త్రచికిత్స వచ్చాక బట్టతలను దాచుకునే అవసరం తీరిపోయిందన్న నమ్మకం ఇప్పుడు బలంగా ఉంది. విగ్గు పాతకాలం సంగతి, పౌడర్లూ స్ప్రేలూ తాత్కాలిక సర్దుబాటు, ట్రాన్స్‌ప్లాంట్ ఒక్కటే అసలైన పరిష్కారం అని చాలామంది అనుకుంటారు. ఈ శస్త్రచికిత్స ఎలా పుట్టిందో, ఏయే దశలు దాటి వచ్చిందో చూస్తే ఆ నమ్మకం నిలబడదు. జుట్టు నాటడం కూడా వేల ఏళ్ళుగా సాగుతున్న దాచే కళలోనిదే, అందులో అన్నిటికంటే నేర్పు కావలసింది. తలమీద అది కొత్తగా ఒక్క వెంట్రుకనూ పుట్టించదు. ఉన్నవాటికే చోటు మార్చి, ఎక్కువగా ఉన్నట్టు కనబడేలా చేస్తుంది. ఇది తెలియనివాడు శస్త్రచికిత్స తర్వాతి ఏడాదిలో అక్కర్లేని భయాలు పడతాడు, అక్కరైన జాగ్రత్తలు వదిలేస్తాడు, చివరికి అద్దంలో చూసుకుని మోసపోయాననుకుంటాడు.

బట్టతలకు వైద్యం వెతకడం, దాన్ని కప్పిపుచ్చడం మొదటినుంచీ పక్కపక్కనే నడిచాయి. క్రీస్తుపూర్వం 1550 ప్రాంతానికి చెందిన ఈజిప్టు వైద్యగ్రంథం ఏబర్స్ పపైరస్‌లో సింహం, నీటి ఏనుగు, మొసలి వంటి జంతువుల కొవ్వుతో చేసే లేపనం ఉంది. అదే ఈజిప్టులో సంపన్నులు విగ్గులు పెట్టుకునేవారు. జూలియస్ సీజర్ వెనక జుట్టును ముందుకు దువ్వుకునేవాడనీ, లారెల్ ఆకుల కిరీటం ధరించే హక్కు దొరికినందుకు అందుకే అంతగా సంతోషించాడనీ రోమన్ చరిత్రకారుడు సూటోనియస్ రాశాడు. మన సుశ్రుతుడు బట్టతలను ఇంద్రలుప్తం, ఖాలిత్యం అన్న పేర్లతో వర్ణించాడు. వాతంతో కూడిన పిత్తం వెంట్రుకలను రాల్చితే, రక్తంతో కలిసిన శ్లేష్మం రోమకూపాలను మూసేస్తుందన్నది ఆయన వివరణ. కారణం తప్పే కావచ్చు, కానీ సమస్య పైన కనిపించే వెంట్రుకలో కాక కూపంలో ఉందన్న ఊహ మాత్రం గట్టిది. పదిహేడో శతాబ్దపు ఫ్రాన్సులో పదమూడో లూయీ పలచబడిన జుట్టుమీద పెట్టుకున్న విగ్గు ఆయన కొడుకు కాలానికి యూరప్ అంతటా హోదాకు గుర్తయింది. ఒక రాజు దాచుకున్న లోపం జుట్టు నిండుగా ఉన్నవాళ్ళకూ వేషమైందన్నమాట. ఇంగ్లండులో 1795లో తలకు పూసే పౌడరు మీద ఏడాదికి ఒక గినీ పన్ను వేశాక గానీ ఆ మోజు తగ్గలేదు.

తెలుగు నేలకు ఈ చరిత్రలో రెండువైపులా పాత్ర ఉంది. పలచని జడకు సవరం చేర్చి అల్లుకోవడం మన ఇళ్ళల్లో ఎవరూ తప్పుపట్టని అలవాటు. పెళ్ళికూతురి జడకూ, కూచిపూడి నాట్యానికీ అది ఉండి తీరాలి. దువ్వెనకు వచ్చిన చిక్కు వెంట్రుకలు పోగుచేసి వీధిలోకొచ్చిన వ్యాపారికి గిన్నెలకో పిన్నులకో ఇవ్వడమూ తెలిసిందే. ఇక తిరుమల కల్యాణకట్టలో భక్తులు సమర్పించే తలనీలాలు వేలంలో అమ్ముడై, దేశాలు దాటి విగ్గులుగా మారతాయి. 2004లో ఇజ్రాయెల్‌లోని ఒక ప్రముఖ మతాచార్యుడు, ఆ జుట్టు విగ్రహారాధనలో భాగంగా తీసినదన్న కారణంతో, భారతదేశపు ఆలయాలనుంచి వచ్చిన జుట్టుతో చేసిన విగ్గులు వాడకూడదని తీర్పు చెప్పగా, న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో సంప్రదాయ యూదు స్త్రీలు తమ విగ్గులను వీధిలోనే తగలబెట్టారు. దేవుడికి తలనీలాలిచ్చి గుండుతో ఊరికి తిరిగొచ్చే సమాజంలో బట్టతలకు సిగ్గెందుకని ఎవరైనా అడగవచ్చు. గుండు మనిషి తన ఇష్టంతో ఇచ్చింది, కొన్ని నెలల్లో తిరిగి వచ్చేది. బట్టతల అడగకుండా పట్టుకుపోయేది, తిరిగి ఇవ్వనిది. పెళ్ళిచూపుల్లో దీని బరువు మోసిన కుర్రవాళ్ళకు ఆ తేడా ఎవరూ వివరించనక్కర్లేదు. కాబట్టి దాచుకునేవాడిని తేలిక చేసి మాట్లాడటం అన్యాయం.

శస్త్రచికిత్స కథ జర్మనీలో మొదలైంది. 1822లో యోహాన్ డీఫెన్‌బాఖ్ అనే వైద్య విద్యార్థి వుర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన సిద్ధాంతవ్యాసం కోసం తన జుట్టు తన చేతిలోనే నాటుకుని చూశాడు, కొన్ని బతికాయి. ఆ తర్వాత నూరేళ్ళకు పైగా చెప్పుకోదగ్గ అడుగు పడలేదు. 1939లో జపాను చర్మవైద్యుడు షోజీ ఒకుడా, గుండ్రని చిన్న కత్తితో తలమీది చర్మాన్ని బిళ్ళలుగా తీసి, కాలిన గాయాలవల్ల జుట్టూ కనుబొమలూ పోయినవారికి నాటిన పద్ధతిని ప్రచురించాడు. యుద్ధం ముంచుకొచ్చింది, వ్యాసం జపనీస్ భాషలో ఉంది; పశ్చిమ దేశాలకు ఆ పని చాలాకాలం తెలియలేదు. న్యూయార్క్‌లో నార్మన్ ఓరెన్‌ట్రైక్ 1952లో బట్టతల మగవారిమీద ఇలాంటి పనే చేసి, 1959లో ప్రచురించాడు. తల వెనకనుంచి తీసిన వెంట్రుక ముందుభాగంలో నాటినా వెనకటి స్వభావమే చూపుతుందని, చుట్టూ ఉన్నవి రాలిపోయినా అది నిలుస్తుందని ఆయన తేల్చాడు. దీనికి భూమిక 1942లో జేమ్స్ హామిల్టన్ వేశాడు. యుక్తవయసుకు ముందే వృషణాలు పోయినవారికి ఈ రకం బట్టతల రాదనీ, వారిలో వంశంలో ఆ లక్షణం ఉన్నవారికి పురుష హార్మోను ఇస్తే వస్తుందనీ ఆయన చూపించాడు. తల వెనకా పక్కలా ఉన్న కూపాలు ఆ హార్మోనుకు లొంగవు. జుట్టు నాటే వ్యాపారం యావత్తూ ఈ ఒక్క ఆధారం మీదే నిలబడి ఉంది.

నా వాదానికి మూలమూ అదే. వెనకభాగం ఇవ్వగలిగింది పరిమితం. ఆరోగ్యంగా ఉన్న తలమీద సుమారు లక్ష వెంట్రుకలు ఉంటాయి. అవి ఒకటి, రెండు, మూడు చొప్పున గుంపులుగా మొలుస్తాయి, చదరపు సెంటీమీటరుకు దాదాపు 80 గుంపులు. బట్టతల బాగా ముదిరినవారిలో ఖాళీ 200 చదరపు సెంటీమీటర్లకు పైనే. దాన్ని సహజమైన ఒత్తుతో నింపాలంటే 16,000 గుంపులు కావాలి. వెనకనుంచి జీవితకాలంలో నష్టం కనబడకుండా తీయగలిగేది చాలామందిలో ఆరేడు వేలకు మించదు. మరి శస్త్రచికిత్స ఎలా మెప్పిస్తోంది? సగం జుట్టు పోయేవరకు పలచబడిందని చూసేవాడి కంటికి ఆనదు కాబట్టి. అందుకే వైద్యుడు చదరపు సెంటీమీటరుకు ఏ 40 గుంపులో నాటి, ముందువరసలో ఒంటి వెంట్రుకలు పెట్టి, వాటి వాలు సరిచూసి, మిగతాది కంటికి వదిలేస్తాడు. 1960, 70లలో నాలుగు మిల్లీమీటర్ల బిళ్ళలు నాటినప్పుడు కుచ్చులు కుచ్చులుగా బొమ్మ జుట్టులా మొలిచేది. వెంట్రుకలన్నీ సొంతవే, అన్నీ బతికాయి, అయినా చూసేవాళ్ళను ఒప్పించలేకపోయింది. టెక్సస్‌లో బాబీ లిమ్మర్ మైక్రోస్కోపు కింద ఒక్కొక్క గుంపునూ విడదీసి నాటే పద్ధతిని 1994లో ప్రచురించాక గానీ చూపు మారలేదు. ఒక్కో గుంపునూ నేరుగా తలనుంచే చిన్న పంచ్‌తో తీసే పద్ధతిని వైద్యులు రాస్‌మన్, బెర్న్‌స్టీన్ 2002లో ప్రచురించారు. ఇప్పుడు అన్నిచోట్లా వినబడే ఎఫ్‌యూఈ అదే. ఈ మార్పులేవీ జుట్టు పరిమాణాన్ని పెంచలేదు, పెరిగింది నేర్పు మాత్రమే.

వేరుతో సహా బతికి, పెరిగి, కత్తిరిస్తే మళ్ళీ పెరిగే జుట్టును విగ్గుతో ఒకే వరసలో ఎలా చేరుస్తారన్నది బలమైన అభ్యంతరమే. వెంట్రుక నిజమైనదన్నది కాదనలేం. కానీ ఒత్తు నిజమైనది కాదు, ముందువరస ఒకరు గీసింది. ఆ గీత జీవితాంతం అలాగే ఉంటుంది, దాని వెనకున్న సహజమైన జుట్టు మాత్రం తన దారిన రాలుతూ పోతుంది. మినాక్సిడిల్, ఫినాస్టెరైడ్ వంటి మందులు ఉన్నాయి కదా అనవచ్చు. మొదటిది రక్తపోటు మాత్ర. అది వాడినవారికి ఒళ్ళంతా జుట్టు పెరగడం గమనించి తలకు రాసే ద్రావణంగా మార్చగా 1988లో అమెరికా అనుమతి వచ్చింది. ప్రొస్టేటు వాపుకు వాడే రెండోది 1997లో తక్కువ మోతాదులో బట్టతలకు అనుమతి పొందింది. రెండూ రాలడాన్ని నెమ్మది చేస్తాయి, కొంత తిరిగి మొలిపిస్తాయి. ఆపేస్తే నెలల్లో ఆ లాభం పోతుంది. రెండోదానికి కొందరిలో లైంగిక దుష్ప్రభావాలున్నాయి కాబట్టి వైద్యుడి సలహా లేకుండా ముట్టుకోకూడదు. ఏ దారి పట్టినా పోషణ ఒక రోజుతో తీరేది కాదు.

శస్త్రచికిత్స తర్వాతి జాగ్రత్తలను ఈ వెలుగులోనే చూడాలి. మడిలోంచి తీసిన నారు పొలంలో వేరు పట్టేదాకా ఎలా ఉంటుందో నాటిన కూపమూ అలాగే ఉంటుంది. మొదటి రెండు మూడు రోజులు దానికి రక్తనాళం లేదు, చుట్టుపక్కల ఊరే ద్రవమే ఆహారం. 2006లో బెర్న్‌స్టీన్, రాస్‌మన్ ప్రచురించిన అధ్యయనంలో మొదటి రెండు రోజుల్లో వెంట్రుక పట్టి లాగితే కూపమంతా ఊడి వచ్చింది. నాటిన చోట ఎండి కట్టిన పొక్కు లాగితే ఐదోరోజు దాకా ఆ ప్రమాదం ఉంది. తొమ్మిదో రోజుకు పాతుకుపోయింది. సెలైన్ చిలకరించడం, తల ఎత్తుగా పెట్టుకుని పడుకోవడం, నీళ్ళు ధారగా పడకుండా చెంబుతో మెల్లగా పోసుకోవడం, పొక్కు గోకకపోవడం, బిగుతు హెల్మెట్ పెట్టకపోవడం ఊరకే పెట్టిన ఆంక్షలు కావు. మన ఇళ్ళల్లో తలకు ఏ కష్టం వచ్చినా నూనె పెట్టి మర్దించి తలంటు పోయడం ప్రేమతో చేసే పని. ఆ రోజుల్లో అంతకంటే చెరుపు లేదు. ఎండలో పనిచేసేవారు కొన్ని నెలలపాటు తల కప్పుకోవాలి. ఇదంతా సక్రమంగా చేశాక, రెండో వారం తర్వాతో నెల తర్వాతో నాటిన వెంట్రుకల్లో చాలా భాగం రాలిపోతుంది. కూపం చర్మం కింద బతికే ఉంటుంది, పైనున్న వెంట్రుకే పోతుంది. పక్కనున్న పాత జుట్టూ ఆ దెబ్బకు కొంత రాలవచ్చు. మూడో నాలుగో నెలలో మొలకలు కనబడి, పూర్తి రూపానికి ఏడాది, నడినెత్తిన అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది. అంటే డబ్బు పోసి శస్త్రచికిత్స చేయించుకున్న మనిషి కొన్ని నెలలపాటు ముందుకన్నా పలచగా కనబడతాడు. ఈ ముక్క ముందే గట్టిగా చెప్పని క్లినిక్ తన బాధ్యతలో సగం వదిలేసినట్టే.

ఆ నెలల్లోనే పాత కళ మళ్ళీ పనికొస్తుంది. ఉన్ని వంటి వాటినుంచి తీసిన కెరటిన్ పొడి, స్థిరవిద్యుత్తుతో ఉన్న వెంట్రుకలకు అంటుకుని వాటిని లావుగా చూపిస్తుంది. ఆధారానికి కొంతైనా జుట్టు ఉంటేనే అది పనిచేస్తుంది, నున్నటి నెత్తిమీద నిలవదు. పొక్కులు పూర్తిగా రాలి చర్మం మానేవరకు, వైద్యుడు సరేననేవరకు దాన్ని వాడకూడదు. చర్మం రంగును జుట్టు రంగుకు దగ్గర చేసే పౌడర్లు, స్ప్రేలు మరో దారి. నల్లటి జుట్టుకూ కిందున్న చర్మానికీ రంగులో తేడా ఎంత ఎక్కువైతే పలచదనం అంతగా బయటపడుతుంది కాబట్టి మనవాళ్ళకు ఇవి బాగా ఉపయోగపడతాయి. పక్కనుంచి పొడవాటి జుట్టు తెచ్చి కప్పే దువ్వుడుకు 1977లో అమెరికా పేటెంటు కూడా ఇచ్చింది. వీటన్నిటికీ ఉన్న సౌలభ్యం ఏమిటంటే తప్పు జరిగితే కడిగేసుకోవచ్చు. తలలో కృత్రిమ నారలు నాటే పద్ధతి అలాంటిది కాదు. చీము పట్టి, మచ్చలు మిగలడంతో 1983లో అమెరికా దాన్ని నిషేధించింది.

దాచడమంటే అబద్ధమాడటమేనని, బట్టతలను ఉన్నది ఉన్నట్టు ఒప్పుకోవడమే నిజాయితీ అని వాదించేవారున్నారు. ఒప్పుకోగలిగినవారిమీద నాకు గౌరవమే. అయితే ఒకుడా దగ్గరికి వచ్చినవారు కాలిన ముఖాలతో వచ్చారు. వారికి కనుబొమ నాటడం ఎవరినీ వంచించడానికి కాదు, వీధిలో నలుగురిలో ఒకరిగా నడవడానికి. ఇరవై ఏళ్ళకే నెత్తి కనబడుతున్న కుర్రవాడి బాధ అంత పెద్దది కాకపోయినా అదే జాతికి చెందింది. అబద్ధమంటే, జీవితాంతం హామీ అని చెప్పి డబ్బు తీసుకోవడం. రాని పనిని వచ్చినట్టు చేయడమూ అబద్ధమే. భారతదేశంలో జాతీయ వైద్య కమిషన్ 2022లో, ఒకటి రెండు వర్క్‌షాపులకు హాజరై, యూట్యూబ్ చూసి నేర్చుకున్న పనితో ఈ శస్త్రచికిత్స చేయరాదని మార్గదర్శకాల్లో చెప్పాల్సి వచ్చింది.

వయసు సంగతి మరీ ముఖ్యం. బట్టతల ముదిరే తీరుకు 1975లో వైద్యుడు నార్వుడ్ సవరించి ఇచ్చిన ఏడు దశల కొలమానంలో ఇరవై రెండేళ్ళవాడు ఏ దశదాకా వెళతాడో ఎవరూ ఖాయంగా చెప్పలేరు. అప్పుడే నుదుటిమీద కిందికి గీత గీసి నాటితే, నలభై ఏళ్ళకు ఆ గీత ఒక్కటే మిగిలి వెనకంతా ఖాళీ కావచ్చు. పూడ్చడానికి వెనకభాగంలో నిల్వ ఉండదు. మచ్చ సంగతీ అంతే. తలవెనకనుంచి పట్టీగా చర్మం కోసి తీసే పద్ధతిలో శస్త్రచికిత్స చేయించుకున్న చాలామందికి చెవినుంచి చెవిదాకా సన్నటి మచ్చ మిగిలింది. జుట్టు పొట్టిగా కత్తిరిస్తే అది బయటపడుతుంది. వారిలో కొందరు ఇప్పుడు ఆ మచ్చమీద వెంట్రుక మొదళ్ళలా కనబడే సూక్ష్మమైన చుక్కలు పచ్చబొట్టు పద్ధతిలో వేయించుకుంటున్నారు. ఆ రంగు కూడా ఏళ్ళు గడిచేకొద్దీ వెలిసిపోతుంది, మళ్ళీ వేయించుకోవాలి.