కార్మిక చట్టాల్లో ఒక అంకె ప్రయాణం: 1881 నుంచి 2025 దాకా

2025 నవంబర్ 21న మన దేశంలో నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. అప్పటిదాకా ఉన్న 29 కేంద్ర చట్టాల స్థానంలో ఇవి నిలిచాయి. వేతనాల కోడ్‌ను పార్లమెంటు 2019లో ఆమోదించింది. పారిశ్రామిక సంబంధాల కోడ్, సామాజిక భద్రత కోడ్, వృత్తి భద్రత-ఆరోగ్యం-పని పరిస్థితుల కోడ్ 2020 సెప్టెంబర్‌లో ఆమోదం పొందాయి. అమలుకు మాత్రం ఇంకో ఐదేళ్లు పట్టింది. మీలో చాలామంది పగలు ఎక్కడో ఒకచోట పనిచేస్తూ రాత్రిపూట ఈ పుస్తకాలు తెరిచేవారే కనుక, ఈ పాఠం మీ జీతం చీటీకి కూడా సంబంధించినదని ముందే చెబుతున్నాను.

కార్మిక చట్టాల చరిత్రను ఉద్యమాల వరుసగానో, కమిషన్ల వరుసగానో చెప్పవచ్చు. ఇక్కడ ఒక్క అంకెను పట్టుకుని నడుద్దాం. ఒక చట్టం వర్తించాలంటే ఆ చోట కనీసం ఎంతమంది పనిచేస్తూ ఉండాలి? చాలా కార్మిక చట్టాల మొదటి పేజీల్లోనే ఈ అంకె ఉంటుంది. విద్యార్థులు సాధారణంగా దాన్ని దాటుకుని హక్కుల సెక్షన్‌లకు వెళ్లిపోతారు. కానీ ఆ హక్కులు ఎవరివో తేల్చేది ఆ అంకే.

వంద నుంచి పది దాకా

మొదటి ఫ్యాక్టరీల చట్టం 1881లో రిప్పన్ వైస్రాయిగా ఉన్నప్పుడు వచ్చింది. దాని వెనుక మానవతావాదుల ఆవేదన ఎంత ఉందో, బొంబాయి మిల్లుల చౌక సరుకు చూసి లాంకషైర్ మిల్లు యజమానులకు పుట్టిన కంగారు కూడా అంతే ఉంది. యంత్రశక్తితో నడుస్తూ 100 మంది లేదా అంతకు మించి పనిచేసే చోటుకే ఆ చట్టం వర్తించేది. ఏడేళ్లలోపు పిల్లలను పనిలో పెట్టకూడదు, ఏడు నుంచి పన్నెండేళ్ల పిల్లలతో రోజుకు 9 గంటలకు మించి పని చేయించకూడదు. పెద్దవాళ్ల పనిగంటల మీద ఏ పరిమితీ లేదు. ఏడాదికి నాలుగు నెలలలోపు నడిచే ఫ్యాక్టరీలకు, నీలిమందు, తేయాకు, కాఫీ తోటలకు మినహాయింపు. ప్రత్యేకంగా ఇన్‌స్పెక్టర్‌ను నియమించని చోట జిల్లా మేజిస్ట్రేటే ఇన్‌స్పెక్టర్. శిస్తు వసూలు మొదలు శాంతిభద్రతల దాకా నెత్తిన వేసుకున్న అధికారికి మిల్లులో పిల్లల వయసు లెక్కపెట్టే తీరిక ఎంత ఉండి ఉంటుందో మీరే ఊహించండి.

ఈ చట్టం చాలదని మొదట గట్టిగా చెప్పినవారిలో నారాయణ్ మేఘాజీ లోఖండే ఒకరు. 1884లో బొంబాయి మిల్లు కార్మికుల సభలు జరిపి, సుమారు 5,500 మంది సంతకాలతో ఆయన ఒక అర్జీ తయారు చేయించారు. అందులోని కోరికలు చూడండి: వారానికొక సెలవు, మధ్యాహ్నం అరగంట విరామం, గాయపడితే పరిహారం, నెల జీతం మరుసటి నెల 15వ తేదీ దాటకుండా చేతికి రావడం. ఈ చివరి కోరిక గుర్తుంచుకోండి. దాన్ని చట్టంగా మార్చడానికి 1936 నాటి వేతన చెల్లింపు చట్టం దాకా ఆగాల్సి వచ్చింది. ఆ చట్టం వెయ్యిమందిలోపు పనిచేసే చోట 7వ తేదీని, అంతకు మించితే 10వ తేదీని గడువుగా పెట్టింది. ఇప్పటి వేతనాల కోడ్‌లో నెలజీతానికి గడువు అందరికీ 7వ తేదీ.

1891 సవరణ 100ను 50కి దించింది. పిల్లల కనీస వయసును తొమ్మిదేళ్లకు పెంచి, స్త్రీల పనిని 11 గంటలకు పరిమితం చేసి, వారానికొక సెలవు ఇచ్చింది. 1911లో బట్టల మిల్లుల్లో మగవారికి 12 గంటల హద్దు వచ్చింది. 1922లో అంకె 20కి, వారానికి పనిగంటలు 60కి దిగాయి. 1934లో ఏడాది పొడవునా నడిచే ఫ్యాక్టరీల్లో వారానికి 54 గంటలు. 1946లో, వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో డాక్టర్ అంబేడ్కర్ కార్మిక సభ్యుడిగా ఉన్న కాలంలో, 48 గంటలు అయింది. స్వాతంత్ర్యం వచ్చాక 1948 ఫ్యాక్టరీల చట్టం విద్యుత్తు వాడే చోట 10 మంది, వాడని చోట 20 మంది అని నిర్ణయించింది. అంటే 67 ఏళ్లలో ఆ అంకె 100 నుంచి 10కి వచ్చింది. ఈ సంవత్సరాలు పరీక్షలో రాస్తే మార్కులు పడతాయి గానీ, అంకె దిగిన ప్రతిసారీ అంతకుముందు చట్టం కంటికి ఆనని కొన్ని వేలమంది మొదటిసారి కార్మికులుగా లెక్కలోకి వచ్చారన్నది అసలు విషయం.

అంకె నుంచి తప్పించుకునే దారి

ఒక హద్దు గీస్తే దానికి ఇవతలే ఉండిపోవాలనే ప్రయత్నమూ మొదలవుతుంది. దీనికి మన దగ్గరి ఉదాహరణ బీడీ పరిశ్రమ. నిజామాబాద్, కరీంనగర్ ప్రాంతాల విద్యార్థులకు దీన్ని ఎక్కువగా వివరించనక్కర్లేదు. ఒకే షెడ్డులో పదుల మందిని కూర్చోబెడితే అది ఫ్యాక్టరీ అవుతుంది. అదే తునికాకు, తంబాకు ఇళ్లకు పంచి, చుట్టిన బీడీలను ఠేకేదారు ద్వారా వెనక్కి తీసుకుంటే ఎక్కడా ఫ్యాక్టరీ కనిపించదు. పని అదే, చేతులూ అవే, కంపెనీ ముద్రా అదే. మారింది చట్టం దృష్టిలో ఆ మహిళ స్థానం. 1966లో వచ్చిన బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టే వారిని కూడా ఉద్యోగులుగా గుర్తించి ఈ లోపాన్ని కొంత సరిచేసింది. ఫ్యాక్టరీ గోడ లేకపోయినా యాజమాన్యం ఉంటుందని ఒప్పుకున్న చట్టంగా దీన్ని నేను చాలా ముఖ్యమైనదిగా భావిస్తాను, పాఠ్యపుస్తకాలు దీనికి ఒక వాక్యంకన్నా ఎక్కువ ఇవ్వకపోయినా. 2020 కోడ్‌లో ఇది కూడా విలీనమైంది.

వలస కార్మికుల చట్టం ఇంకో రకం. కాంట్రాక్టరు ద్వారా రాష్ట్రం దాటి వెళ్లిన ఐదుగురు లేదా అంతకు మించిన కార్మికులు ఉన్న చోటుకు 1979 చట్టం వర్తించేది. గుంపు మేస్త్రీ వెంట దేశమంతా ఆనకట్టలు కట్టడానికి వెళ్లిన పాలమూరు కూలీల వంటివారి కోసమే అది. కొత్త కోడ్ ఈ ఐదును పదికి పెంచింది. కానీ మేస్త్రీతో సంబంధం లేకుండా తనంత తానుగా వెళ్లి పనిలో చేరిన మనిషిని కూడా, నెలకు 18,000 రూపాయల వేతన పరిమితితో, వలస కార్మికుడిగా గుర్తించింది. ఒక చేత్తో తలుపు కొంత మూసి, ఇంకో చేత్తో కిటికీ తెరిచినట్టు.

ఉద్యోగ భద్రత: 300, 100, మళ్లీ 300

సంఘం పెట్టుకునే హక్కు కథ మద్రాసులో మొదలవుతుంది. 1918లో బి.పి. వాడియా, తిరు.వి.క. తదితరులు మద్రాసు లేబర్ యూనియన్ స్థాపించారు. బకింగ్‌హామ్, కర్ణాటిక్ మిల్లుల వివాదంలో యాజమాన్యం హైకోర్టుకు వెళ్లి యూనియన్ నాయకుల మీద ఇంజంక్షన్ తెచ్చుకుంది. కార్మికులను కూడగట్టడమే నష్టపరిహారం కట్టాల్సిన నేరమైతే యూనియన్లు బతికేదెలా? ఈ ప్రశ్నే ఎన్.ఎం. జోషి ప్రయత్నాల ద్వారా 1926 ట్రేడ్ యూనియన్ల చట్టానికి దారితీసింది. దాని అంకె ఏడు: ఏడుగురు కలిస్తే సంఘాన్ని నమోదు చేసుకోవచ్చు. 2001 సవరణ దానికి, సంస్థలోని కార్మికుల్లో పది శాతం లేదా వందమంది, ఏది తక్కువైతే అంతమంది మద్దతు ఉండాలనే షరతు చేర్చింది.

1947 పారిశ్రామిక వివాదాల చట్టం వచ్చాక వివాదాలు ట్రిబ్యునళ్లకు వెళ్లడం అలవాటైంది. ఈ పద్ధతి మీద గట్టిగా అభ్యంతరం చెప్పినవారు వి.వి. గిరి. బరంపురంలో పుట్టిన ఈ తెలుగు నాయకుడు రైల్వే కార్మికోద్యమంలో పనిచేసి, 1937లో రాజాజీ మంత్రివర్గంలోనూ, 1952లో కేంద్రంలోనూ కార్మిక మంత్రి అయ్యారు. యాజమాన్యం, యూనియన్ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలి, నిర్బంధ తీర్పులు ఇరువైపులా బాధ్యతను తగ్గిస్తాయి అన్నది ఆయన వాదం. కార్మిక సంఘాల్లోనే చాలావాటికి ఇది రుచించలేదు. బ్యాంకు ఉద్యోగుల అవార్డును ప్రభుత్వం మార్చినందుకు 1954లో ఆయన మంత్రి పదవికి రాజీనామా చేశారు. కొత్త కోడ్‌లో 51 శాతం మద్దతున్న సంఘాన్ని చర్చల సంఘంగా యాజమాన్యం గుర్తించాలనే నిబంధన గిరి ఆలోచనకు దగ్గరగా ఉంది. కానీ అదే కోడ్ అన్ని పారిశ్రామిక సంస్థల్లోనూ సమ్మెకు 14 రోజుల నోటీసు తప్పనిసరి చేసి, సగం మంది ఒకేరోజు మూకుమ్మడి సెలవు పెట్టినా సమ్మేనంది. చర్చల బల్ల దగ్గర కార్మికుల బలం సమ్మె చేయగలగడంలోనే ఉంటుంది. అందుకే ఈ రెండు నిబంధనలనూ విడివిడిగా కాక కలిపి చదవాలి.

పని తీసేయడం విషయానికి వద్దాం. 1953 సవరణ లే ఆఫ్‌కు, రిట్రెంచ్‌మెంట్‌కు పరిహారం నిర్ణయించింది. 1976లో, అత్యవసర పరిస్థితి నడుస్తుండగా, 300 లేదా అంతకు మించి కార్మికులున్న ఫ్యాక్టరీలు, గనులు, తోటలు మూసివేతకు, తొలగింపుకు ప్రభుత్వ ముందస్తు అనుమతి తీసుకోవాలన్నారు. సమ్మె గొంతు నొక్కిన ప్రభుత్వమే యాజమాన్యం చేతిని కూడా పట్టుకుందన్న మాట. 1982 సవరణ, 1984లో అమల్లోకి వచ్చి, ఆ 300ను 100 చేసింది. 2014లో రాజస్థాన్ తన రాష్ట్రం వరకు మళ్లీ 300 చేసుకుంది. 2020 కోడ్ దేశమంతటికీ 300 చేసి, నోటిఫికేషన్ ద్వారా ఇంకా పెంచుకునే వీలు కూడా ఉంచింది.

యజమానుల వాదన కొట్టిపారేయదగింది కాదు. వంద దాటితే అనుమతి బెడద ఉంటుందని చాలామంది వందలోపే ఆగిపోతున్నారని, సంస్థలు ఎదగకుండా చీలిపోతున్నాయని వారు చెబుతారు. అనుమతి నిబంధన మిల్లులను కాపాడలేదన్నదీ నిజమే. 1934లో వరంగల్‌లో మొదలైన ఆజంజాహీ మిల్లు జాతీయ జౌళి సంస్థ చేతికి వెళ్లి కూడా చివరికి మూతపడింది. అయితే ఈ అంకె పెంచితే ఉద్యోగాలు పెరుగుతాయా అన్నదానిపై ఆర్థికవేత్తలు ఒక్కమాట మీద లేరు. నా దృష్టిలో అనుమతి నిబంధన ఇచ్చిన అసలు రక్షణ వేరు: మూసివేతకు ముందు కార్మికులకు మాట్లాడే కొంత వ్యవధి. 299 మంది ఉన్న చోట ఆ వ్యవధి ఇప్పుడు లేదు. బదులుగా, తొలగించిన ప్రతి కార్మికుడికీ 15 రోజుల వేతనం జమచేసే నైపుణ్య నిధి ఉంది.

అంకె పెరిగిన చోటు, అంకె పోయిన చోటు

ఇక ఫ్యాక్టరీ నిర్వచనం. 1948 నాటి 10, 20 ఇప్పుడు 20, 40 అయ్యాయి. కాంట్రాక్టు కార్మికుల నిబంధనలు 1970 చట్టంలో 20 మందికి వర్తించేవి, ఇప్పుడు 50కి. ప్రధాన కార్యకలాపాల్లో కాంట్రాక్టు కార్మికులను పెట్టకూడదనే నియమం మాత్రం మనకు కొత్త కాదు. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణలోని విభజనే జాతీయ చట్టంలో మళ్లీ కనిపిస్తుంది. ఇంతవరకే చూస్తే 67 ఏళ్లు దిగిన మెట్లు మళ్లీ ఎక్కుతున్నామనిపిస్తుంది.

కానీ కనీస వేతనం దగ్గర అంకె పూర్తిగా పోయింది. 1948 కనీస వేతనాల చట్టం షెడ్యూలులో చేర్చిన వృత్తులకే వర్తించేది. వేతనాల కోడ్ అన్ని వృత్తులకూ వర్తిస్తుంది. ఒక్కరే పనిచేసే కిరాణా దుకాణమైనా సరే. వేతనం అంటే ఏమిటో కూడా కొత్తగా చెప్పారు. మీ జీతం చీటీ పక్కన పెట్టుకుని చూడండి. నెలకు 20,000 రూపాయల్లో బేసిక్, డీఏ కలిపి 7,000, మిగిలిన 13,000 రకరకాల అలవెన్సులు అనుకుందాం. మినహాయించదగ్గ అలవెన్సులు మొత్తంలో సగం, అంటే 10,000 దాటకూడదు. దాటిన 3,000 వేతనంలో కలుస్తుంది. లెక్కకు మీ వేతనం 7,000 కాదు, 10,000. భవిష్య నిధికి 12 శాతం చొప్పున 840 బదులు 1,200 కోత పడుతుంది. చేతికొచ్చేది 360 తగ్గుతుంది, యాజమాన్యం వాటా కూడా అంతే పెరుగుతుంది. ఏడాదికి గ్రాట్యుటీ, 26 రోజులకు 15 రోజుల లెక్కన, సుమారు 4,038 నుంచి 5,769కి పెరుగుతుంది. నిర్ణీత కాల ఒప్పందంపై పనిచేసేవారికి ఐదేళ్లు ఆగనక్కర్లేదు, ఏడాది పూర్తయితే చాలు. బేసిక్ తగ్గించి అలవెన్సులు ఉబ్బించే పాత అలవాటుకు ఇది చాలా సూటి జవాబు.

పనిగంటల్లో రాష్ట్రాల చేయి ఎక్కువ, ఎందుకంటే కార్మిక విషయాలు ఉమ్మడి జాబితాలో ఉన్నాయి. 2025 జులైలో తెలంగాణ ప్రభుత్వం, దుకాణాలను మినహాయించి, వాణిజ్య సంస్థల్లో వారానికి 48 గంటల హద్దు ఉంచుతూ రోజుకు 10 గంటల పనికి అనుమతించింది. ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం అదే ఏడాది ఫ్యాక్టరీల్లో 9 గంటలను 10 చేయాలని నిర్ణయించింది. వారం లెక్క మారలేదు కదా అని ప్రభుత్వాలు అంటాయి. 10 గంటల పనికి బస్సు ప్రయాణం కలుపుకుంటే రోజులో ఏం మిగులుతుందో మీకు నాకంటే బాగా తెలుసు.

చివరగా, ఏ అంకెకూ అందని వారు. ఫోన్‌లో వచ్చిన ఆర్డరు పట్టుకుని బండి మీద తిరిగే యువకుడికి ఫ్యాక్టరీ లేదు, షెడ్డు లేదు, చాలామందికి ఆ కంపెనీ మనిషి ముఖమే తెలియదు. సామాజిక భద్రత కోడ్ అతనికి ‘గిగ్ వర్కర్’, ‘ప్లాట్‌ఫాం వర్కర్’ అని మొదటిసారి జాతీయ చట్టంలో పేరు పెట్టింది. కంపెనీలు తమ వార్షిక టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం, ఈ కార్మికులకు చెల్లించే మొత్తంలో 5 శాతం మించకుండా, సంక్షేమ నిధికి ఇవ్వాలంది. అయితే అతన్ని ఉద్యోగి అనలేదు. అందువల్ల నిధి నుంచి సాయం అందవచ్చు గానీ, కనీస వేతనం, గ్రాట్యుటీ, తొలగింపు పరిహారం అతని దాకా రావు. 1966లో ఇంట్లో బీడీలు చుట్టే మహిళను చట్టం ఉద్యోగి అని పిలిచింది. 2020లో బండి మీద తిరిగే కుర్రవాడిని అలా పిలవలేదు. రాజస్థాన్ 2023లో వీరి కోసం దేశంలోనే తొలి చట్టం చేసింది. తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో తన ముసాయిదా బిల్లును ప్రజాభిప్రాయం కోసం బయటపెట్టింది.