పడుతున్నప్పుడు ముక్కు దించాలి

మన సంఘ సభ్యుల్లో పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో లేనివారు ఇప్పుడు తక్కువ. ఏడాదికో రెండేళ్ళకో మనమూ విమానం ఎక్కి దిగుతూనే ఉన్నాం. మీటింగు అయ్యాక టీ తాగుతూ కూర్చున్నప్పుడు ఎవరో ఒకరు తప్పక అడుగుతారు: "ఇంజను ఆగిపోతే విమానం రాయిలా పడిపోతుందా?" అని. పడిపోదు. ఎత్తులో ఉండగా ఇంజను ఆగినా విమానం గాలిలో జారుకుంటూ చాలా దూరం వెళ్ళగలదు. అంతకంటే పాతదీ, మోసకారిదీ అయిన ప్రమాదం ఇంకొకటి ఉంది. ఇంజన్లు చక్కగా తిరుగుతూ ఉండగానే విమానం పడిపోవడం. దాన్ని స్టాల్ అంటారు. ఇది రైల్వే ప్లాట్‌ఫారం మీది టీ స్టాల్ కాదు. క్లచ్ సరిగ్గా వదలకపోతే స్కూటరు ఠక్కున ఆగిపోయే స్టాల్ కూడా కాదు.

నేను ఇంజనీరును కాను, పైలట్‌ను అంతకంటే కాను. సర్వీసంతా ఫైళ్ళు చూసిన గుమాస్తాను. ఈ విషయం నన్ను పట్టుకున్నది 2000 సంవత్సరంలో. ఆ ఏడాది జులై 17వ తేదీ ఉదయం కలకత్తా నుంచి పాట్నా వచ్చిన అలయన్స్ ఎయిర్ బోయింగ్ 737 విమానం, రన్‌వే ఇంకా కొద్ది దూరం ఉందనగా, గర్దనీబాగ్ అనే పేటలోని ప్రభుత్వ క్వార్టర్స్ మీద పడింది. మొత్తం 60 మంది పోయారు. అందులో ఐదుగురు విమానం ఎక్కినవారు కాదు, కింద ఉన్నవారు. అప్పటికి నేను హైదరాబాదులో సర్వీసులో ఉన్నాను. మేముండేదీ గవర్నమెంటు క్వార్టరే. బేగంపేటలో దిగే విమానాలు మా డాబా మీదుగానే వెళ్ళేవి. మర్నాడు పేపరు చదివాక చాలా రోజులు, విమానం చప్పుడు వినపడితే మా ఆవిడ బట్టలు ఆరేయడం ఆపి పైకి చూసేది. ఇంజన్లలో లోపం లేదని తర్వాత విచారణలో తేలింది. మరి ఎందుకు పడినట్టు? ఆ జవాబు వెతుక్కుంటూ పోతే వందేళ్ళకు పైబడిన చరిత్ర కనిపించింది.

ముందు విషయం అర్థం కావాలి. చిన్నప్పుడు బస్సు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి కండక్టరు చేత చివాట్లు తిన్నవారు మనలో చాలామంది ఉంటారు. అరచెయ్యి నేలకు సమంగా చాపితే గాలిని కోసుకుని పోతుంది. ముందంచు కొద్దిగా పైకెత్తితే చెయ్యి తనంతట తానే లేస్తుంది. మరీ ఎత్తితే లేవడం మానేసి వెనక్కి కొట్టుకుపోతుంది. విమానం రెక్క సంగతీ అంతే. ఎదురుగాలికి రెక్క ఎంత ఏటవాలుగా ఉందో చెప్పే కొలతను 'యాంగిల్ ఆఫ్ ఎటాక్' అంటారు. మనం గాలికోణం అనుకుందాం. ఈ కోణం పెరిగేకొద్దీ రెక్క మోసే బలం పెరుగుతుంది. మామూలు రెక్కకు సుమారు 15 డిగ్రీలు దాటేసరికి కథ అడ్డం తిరుగుతుంది. కాలువ నీటిని చూడండి. గట్టు మెల్లగా వంపు తిరిగితే నీరు గట్టును అంటిపెట్టుకునే పారుతుంది. ఉన్నట్టుండి మలుపు వస్తే గట్టును వదిలేసి సుళ్ళు తిరుగుతుంది. రెక్క పైభాగాన పారే గాలి కూడా అలాగే రెక్కను వదిలేస్తుంది. మోసే బలం కూలిపోతుంది. అదే స్టాల్.

వేగం తగ్గినప్పుడు విమానాన్ని నిలబెట్టాలంటే ముక్కు ఎత్తుతూ పోవాలి. అందుకే లేచేటప్పుడూ దిగేటప్పుడూ ఈ గండం ఎక్కువ. కానీ గాలికోణం హద్దు మీరితే ఎంత వేగంలోనైనా స్టాల్ తప్పదు. విరుగుడు ఒక్కటే. కంట్రోలు కర్రను ముందుకు తోసి ముక్కు దించడం. కోణం తగ్గగానే గాలి మళ్ళీ రెక్కను అంటుకుంటుంది. వేగం పుంజుకున్నాక మెల్లగా పైకి లేపుకోవచ్చు. చెప్పడానికి ఒక్క మాట. కానీ పడిపోతున్నవాడు నేల వైపుకే తోయాలి! మనిషి చెయ్యి అందుకు ఒప్పుకోదు. వెనక్కే లాగుతుంది. ఈ ఒక్క మాట చేతికి నేర్పడానికి లోకానికి ఎంత ఖర్చయిందన్నదే ఈ చరిత్ర.

మొదటి పేరు జర్మనీకి చెందిన ఓట్టో లిలియెంథాల్. ఇంజను లేని రెక్కలు కట్టుకుని కొండల మీదినుంచి 1891 మొదలు సుమారు రెండు వేల సార్లు గాలిలో జారినవాడు. 1896 ఆగస్టు 9న గాలి తెర ఒకటి తగిలి అతని గ్లైడరు ముక్కు పైకెత్తి గాలిలో ఆగినంత పనయింది. సుమారు 15 మీటర్ల ఎత్తు నుంచి పడ్డాడు. వెన్ను విరిగి మర్నాడు మరణించాడు. వయసు 48. ఆ వార్త చదివినవారిలో అమెరికాలో సైకిళ్ళ వ్యాపారం చేసుకునే రైట్ సోదరులున్నారు. ఆ చావు వారిని భయపెట్టలేదు, పనిలోకి దింపింది. తమ గ్లైడరుకు ముక్కును ఎత్తి దించే చిన్న రెక్కను తోకలో కాక ముందు పెట్టారు. లిలియెంథాల్ గతి తమకు పట్టకూడదన్నది అందుకు ఒక కారణం. స్టాల్ అయినా వారి గ్లైడరు తలకిందులుగా దూకేది కాదు, చదునుగా కిందికి దిగేది. ఆ చిన్న రెక్క వారి ప్రాణాలు ఎన్నోసార్లు కాపాడింది.

రైట్ సోదరులు 1903లో ఇంజనుతో ఎగిరాక విమానాలు పెరిగాయి, పడటమూ పెరిగింది. ఒక రెక్క రెండోదానికంటే ముందు స్టాల్ అయితే విమానం బొంగరంలా తిరుగుతూ దిగుతుంది. దీన్ని స్పిన్ అంటారు. అందులో పడినవాడు బతకడం అరుదు. 1912 ఆగస్టు 25న ఇంగ్లాండులో సాల్స్‌బరీ మైదానం మీద లెఫ్టినెంట్ విల్ఫ్రెడ్ పార్క్ అనే నౌకాదళ అధికారి నడుపుతున్న ఆవ్రో విమానం ఇలాగే స్పిన్‌లో పడింది. ఎత్తు సుమారు 700 అడుగులు. అందరూ చేసేదే ఆయనా చేశాడు. కర్రను వెనక్కి లాగాడు. రడ్డరును, అంటే తోకనున్న చుక్కానిని, విమానం తిరుగుతున్న వైపుకే తిప్పాడు. లాభం లేకపోయింది. ఇక నేల దగ్గరపడిందనగా చుక్కానిని పూర్తిగా ఎదురు దిక్కుకు తన్నాడు. తిరగడం ఆగింది. నేలకు సుమారు 50 అడుగుల ఎత్తులో విమానం సర్దుకుంది.

నన్ను ఆకట్టుకున్నది ఆ తర్వాత జరిగింది. దిగిన వెంటనే ఆయన్ను కూర్చోబెట్టి ఏ క్షణాన ఏ చెయ్యి ఎక్కడుందో, ఏ కాలు ఏం చేసిందో వరసగా చెప్పించి, రోజుల వ్యవధిలో ఒక విమాన పత్రికలో అచ్చు వేశారు. ఫైలు విలువ తెలిసినవారి పని అది. పార్క్ అదే ఏడాది డిసెంబరులో మరో విమాన ప్రమాదంలో పోయాడు. ఆ కాగితం మాత్రం మిగిలింది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో, 1917లో, ఫ్రెడరిక్ లిండెమన్ అనే భౌతిక శాస్త్రవేత్త తానే విమానం నడపడం నేర్చుకుని, కావాలని స్పిన్‌లోకి దింపి, మీటర్ల రీడింగులు జ్ఞాపకం పెట్టుకుని వచ్చేవాడు. భయంగా ఉన్నది లెక్క అయింది, లెక్క పాఠమయింది. ఆ యుద్ధం ముగిసే నాటికి ఇంగ్లాండులోనే గుస్తావ్ లాఖ్‌మన్ గురించి తెలియని హాండ్లీ పేజ్, జర్మనీలో లాఖ్‌మన్, విడివిడిగా రెక్క ముందంచున సందు వదిలే ఏర్పాటు కనిపెట్టారు. ఆ సందులోంచి దూసుకొచ్చే గాలి పైభాగపు గాలిని రెక్కకు అంటిపెడుతుంది. మీరు కిటికీ పక్కన కూర్చున్నప్పుడు, దిగబోయే ముందు రెక్క ముందూ వెనకా పలకలు జరిగి వస్తాయి కదా, వాటి పని ఇదే. తక్కువ వేగంలోనూ రెక్క మోయాలని.

జెట్ విమానాలు వచ్చాక కొత్త చిక్కు వచ్చింది. తోక పైన అడ్డరెక్క ఉండే విమానాల్లో, స్టాల్ అయిన రెక్కల సుడిగాలిలో ఆ అడ్డరెక్క మునిగిపోతుంది. అప్పుడు కర్ర ముందుకు తోసినా ముక్కు దిగదు. దీన్ని డీప్ స్టాల్ అన్నారు. 1963 అక్టోబరు 22న ఇంగ్లాండులో బీఏసీ వన్-ఇలెవెన్ అనే కొత్త విమానం పరీక్షలో ఇలాగే పడి ఏడుగురు పోయారు. అందుకని రెండు కాపలాలు బలపడ్డాయి. ఒకటి స్టిక్ షేకర్. స్టాల్ దగ్గరపడగానే పైలట్ చేతిలోని కంట్రోలును గడగడా వణికిస్తుంది. రెండోది స్టిక్ పుషర్. పైలట్ తోయకపోతే తానే ముందుకు తోస్తుంది. అయినా 1972 జూన్ 18న లండను నుంచి లేచిన ట్రైడెంట్ విమానంలో రెక్క ముందంచు పలకలు చాలినంత వేగం రాకముందే లోపలికి పోయాయి. యంత్రం ముక్కు దించింది, మళ్ళీ మళ్ళీ దించింది. మనుషులు యంత్రాన్ని ఆపేశారు. 118 మందిలో ఒక్కరూ మిగల్లేదు.

ఇప్పుడు పాట్నాకు వద్దాం. విమానం రన్‌వేకు ఉండవలసినదానికంటే ఎత్తులో ఉంది. ఒక చుట్టు తిరిగి వస్తామని పైలట్లు అడిగారు, అనుమతి దొరికింది. అప్పటికి ఇంజన్ల బలం బాగా తగ్గించి ఉంది, ముక్కు ఎత్తి ఉంది, వేగం పడిపోతున్నది. స్టిక్ షేకర్ వణికింది. అప్పుడు చేయవలసింది స్టాల్ నుంచి బయటపడే పద్ధతి. చేసింది దిగడం మానుకుని పైకి లేచిపోయే పద్ధతి. ఎత్తు కొద్దిగానే ఉంది. విచారణ తేల్చింది ఇదీ. వారిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కింద ఇళ్ళు కనిపిస్తుండగా ముక్కు దించడమంటే మాటలా?

2009 జూన్ 1న రియో నుంచి పారిస్ వెళ్తున్న ఎయిర్ ఫ్రాన్స్ 447 కథ ఇంకా బాధ కలిగిస్తుంది. అట్లాంటిక్ మీద, అర్ధరాత్రి దాటాక, వేగం కొలిచే గొట్టాల్లో మంచు అడ్డుపడి ఆటోపైలట్ చేతులెత్తేసింది. గొట్టాలు ఒక్క నిమిషం లోపే బాగుపడ్డాయి. కానీ ఈలోగా నడుపుతున్న పైలట్ కర్రను వెనక్కి లాగాడు. విమానం సుమారు 38,000 అడుగులకు లేచి స్టాల్ అయింది. 'స్టాల్, స్టాల్' అని హెచ్చరిక మోగుతూనే ఉంది. గాలికోణం మరీ మీరి, వేగం లెక్క నమ్మదగినది కాదని కంప్యూటరు అనుకున్నప్పుడు ఆ హెచ్చరిక ఆగిపోయేది. ముక్కు కాస్త దించితే మళ్ళీ మోగేది! సరైన పని చేసినప్పుడే కేక వేస్తే మనిషి ఏమనుకుంటాడు? ఇంజన్లు బాగానే ఉన్నాయి. కిందనున్నదంతా ఎత్తే. అయినా నాలుగున్నర నిమిషాల లోపే సముద్రంలో పడింది. 228 మంది పోయారు. రికార్డర్లు రెండేళ్ళ తర్వాత, 2011లో, సముద్రం అడుగున దొరికాయి.

అప్పటికి శిక్షణలో ఒక లోపం బయటపడింది. స్టాల్ ఇంకా పూర్తిగా రాకముందే, ఎత్తు ఎంత తక్కువ కోల్పోతే అంత మంచి పైలట్ అన్నట్టు అభ్యాసం చేయించేవారు. అంటే తెలియకుండానే ముక్కు దించవద్దని చేతికి నేర్పినట్టయింది. ఆ తర్వాత పాఠం తిరగరాశారు: ముందు ముక్కు దించు, గాలికోణం తగ్గించు, రెక్కలు సమం చెయ్యి, అవసరమైనంత ఇంజను బలం ఇవ్వు. ఎత్తు పోతే పోనీ, తర్వాత తెచ్చుకోవచ్చు. పూర్తి స్టాల్‌ను సిమ్యులేటర్‌లో చూపించి నేర్పడం కూడా వచ్చింది.

అలాగని అంతా యంత్రానికి అప్పగించినా కుదరలేదు. బోయింగ్ 737 మ్యాక్స్‌లో గాలికోణం ఎక్కువైతే ముక్కు దించే ఏర్పాటు పెట్టారు. అది ఒకే సెన్సరు మాట నమ్మేది. ఆ సెన్సరు అబద్ధం చెప్పింది. 2018 అక్టోబరులో ఇండోనేషియాలో 189 మంది, 2019 మార్చిలో ఇథియోపియాలో 157 మంది పోయారు. తర్వాత రెండు సెన్సర్లనూ పోల్చి చూసేలా మార్చారు. ఒకే సంతకంతో బిల్లు పాస్ చేయకూడదన్నది మన ట్రెజరీల పాత నియమమే.

మన ఆఫీసుల్లో సర్క్యులరు వస్తే అందరం 'చూశాను' అని పొట్టి సంతకం పెట్టి, మర్నాడు పాత పద్ధతిలోనే పని చేసేవాళ్ళం. కాగితం మీది మాట చేతికి రావడానికి చాలా కాలం పడుతుంది. స్టాల్ విషయంలో 1912 నాటికే కాగితం మీదికి ఎక్కిన పాఠాన్ని 2009 తర్వాత కూడా మళ్ళీ నేర్పవలసి వచ్చింది. కాని ఒక మంచి సంగతి ఉంది. ఈ శాఖలో ప్రతి ప్రమాదానికీ ఫైలు తెరుస్తారు, కారణం తేలేవరకు మూయరు, తేలినదాన్ని లోకమంతటికీ చెబుతారు. మనం ఇంత ధైర్యంగా మనవల దగ్గరికి వెళ్ళి వస్తున్నామంటే ఆ ఫైళ్ళ పుణ్యమే.

ఇదంతా రాసి మా ఆవిడకు చదివి వినిపించాను. విని, "ఇంతకీ వాళ్ళ చేతులకు వచ్చిందంటారా?" అని అడిగింది. "వచ్చేదాకా నేర్పుతూనే ఉన్నారు" అన్నాను. వచ్చే నెల ప్రయాణానికి కిటికీ సీటు తనకే కావాలంది.