రైతు భరోసా: పైసలు పాస్‌బుక్కుకే.. సాగు చేసేటోళ్ల సంగతేంది?

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి: వానాకాలం మొదలైతే చాలు, ఊళ్లల్లో అందరి చూపు ఫోన్‌లో వచ్చే బ్యాంక్ మెసేజ్ మీదే ఉంటది. పెట్టుబడి సాయం పడిందా లేదా అన్నదే చర్చ. అయితే ఈ సాయం భూమి ఎవరి పేరు మీద ఉందో చూసి పడుతది. దున్నేది ఎవరన్నది లెక్కలోకి రాదు. ఉమ్మడి వరంగల్‌లోని ఈ మూడు జిల్లాల్లో చాలామందికి ఇక్కడే చిక్కొస్తోంది.

ఎకరానికి ఎంత?

రైతుబంధు 2018 మే 10న హుజూరాబాద్ నియోజకవర్గంలో మొదలైంది. అప్పుడు సీజన్‌కు ఎకరానికి రూ.4 వేలు చెక్కుల రూపంలో ఇచ్చారు. తర్వాతి ఏడాది దాన్ని రూ.5 వేలు చేశారు. 2025 జనవరి 26 నుంచి దాని స్థానంలో రైతు భరోసా వచ్చింది. ఇప్పుడు సీజన్‌కు రూ.6 వేలు, ఏడాదికి రూ.12 వేలు. అంటే గుంటకు రూ.150. ఎకరం 20 గుంటలున్న రైతుకు ఒక్క సీజన్‌కు రూ.9 వేలు వస్తయి.

ఎవరికి రావు?

సాగుకు పనికొచ్చే భూములకే రైతు భరోసా. రియల్ ఎస్టేట్ వెంచర్లు, పరిశ్రమలు, మైనింగ్ భూములను పక్కన పెట్టారు. హైదరాబాద్–వరంగల్ హైవే పక్కనున్న జనగామలో ప్లాట్లు చేసిన భూములకు, సింగరేణి గనులున్న భూపాలపల్లిలో మైనింగ్ భూములకు ఈ రూల్ వర్తిస్తది.

పోడు రైతుల మాటేంటి?

మహబూబాబాద్ జిల్లా కొత్తగూడ, గంగారం, గూడూరు, భూపాలపల్లి జిల్లా మహాముత్తారం, పలిమెల అటవీ మండలాలు. ఇక్కడ అటవీ హక్కుల పట్టా ఉన్నోళ్లకు సాయం అందుతది. పట్టా రాకుండా పోడు చేసుకుంటున్నోళ్లకు మాత్రం రాదు. గిరిజనులకు హక్కు పత్రం రావాలంటే 2005 డిసెంబర్ 13 కంటే ముందు నుంచే సాగులో ఉండాలని చట్టం చెబుతోంది.

తెల్ల కాగితం మీద కొన్న భూమి

సాదాబైనామా రైతులది ఇంకో గోస. పైసలిచ్చి కొన్నరు, ఏండ్ల నుంచి దున్నుతున్నరు. కానీ రికార్డులో పాత యజమాని పేరే ఉంటే సాయం ఆయన ఖాతాకే పోతది. 2025 ఏప్రిల్ 14న అమల్లోకి వచ్చిన భూభారతి చట్టం, 2020 అక్టోబర్ 12 నుంచి నవంబర్ 10 వరకు అప్లై చేసుకున్నోళ్లకు దారి చూపింది.

కౌలు రైతుకు ఏముంది?

రైతులతో పాటు కౌలు రైతులకూ ఏడాదికి ఎకరానికి రూ.15 వేలు ఇస్తామని 2023 ఎన్నికల్లో కాంగ్రెస్ హామీ ఇచ్చింది. మొదలైన పథకం మాత్రం పట్టాదారులకే రూ.12 వేలు ఇస్తోంది. కౌలు రైతులకు కార్డులు ఇచ్చి బ్యాంకు లోన్లు ఇప్పించేందుకు 2011లోనే భూ అధీకృత సాగుదారుల చట్టం వచ్చింది. భూమి ఎక్కడ చేజారుతదోనని యజమానులు కాగితం రాసివ్వడానికి వెనకాడుతరు.

దెబ్బ పెట్టుబడితోనే ఆగదు. రైతు బీమా కింద పట్టాదారు చనిపోతే కుటుంబానికి రూ.5 లక్షలు వస్తయి. 18 నుంచి 59 ఏళ్ల వయసున్నోళ్లకు సర్కారే ప్రీమియం కడుతది. సొంత భూమి లేని కౌలు రైతు చనిపోతే ఆ ఇంటికి ఈ బీమా లేదు. అప్పు మాత్రం మిగులుతది.

కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్‌కూ భూమి పేరే ఆధారం. ఏడాదికి రూ.6 వేలు మూడు విడతల్లో పడుతయి. 2019 ఫిబ్రవరి 1 తర్వాత భూమి కొన్నోళ్లకు రావు. వారసత్వంగా వచ్చినోళ్లకు మినహాయింపు ఉంది.

పైసలు పడకపోతే?

కొత్త పాస్‌బుక్కు వచ్చినోళ్లు దాని జిరాక్స్, ఆధార్, బ్యాంక్ పాస్‌బుక్ తీసుకుని రైతు వేదికలో ఏఈఓను కలవాలి. ఖాతాకు ఆధార్ లింక్ ఉందో లేదో చూసుకోవాలి. రికార్డులో పేరు, విస్తీర్ణం తప్పుంటే తహసీల్దార్ ఆఫీసులో సరిచేయించుకోవాలి. పీఎం కిసాన్‌కు ఈ-కేవైసీ తప్పనిసరి.