సవర పిల్లలు, గిడుగు వాచకాలు: బడిలో భాషల వరుస

గిడుగు వెంకట రామమూర్తి పేరు చెప్పగానే వ్యావహారిక భాషోద్యమం గుర్తొస్తుంది. ఆ ఉద్యమానికి ముందే ఆయన సవర భాష నేర్చుకున్నారన్న సంగతిని మాత్రం మనం ఒక్క వాక్యంతో సరిపెడతాం. పిల్లల చదువులో బహుభాషల పాత్ర గురించి ఆలోచించేవారు ఆ వాక్యం దగ్గర కాసేపు ఆగాలి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్న రోజుల్లో కొండల మీది సవరల మాట ఆయన చెవిన పడింది. తెలుగు తెలిసిన ఒక సవర వ్యక్తిని ఇంట్లో ఉంచుకుని, ఏళ్ల తరబడి శ్రమించి ఆ భాష పట్టుకున్నారు. ముందుగా సవర పిల్లల కోసం వాచకాలు రాశారు, సొంత ఖర్చుతో బడులు పెట్టారు. ఆయన సవర వ్యాకరణం 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడ్డాయి. అంటే పండితుల కోసం రాసిన గ్రంథాల కంటే పిల్లల వాచకమే ముందు వచ్చింది.

ఈ వరుసలోనే ఈ వ్యాసం చెప్పదలచిన విషయం ఉంది. బడిలో ఎన్ని భాషలు నేర్పుతున్నామన్నది రెండో ప్రశ్న. ఏ భాష మీద ఏ భాషను నిలబెడుతున్నామన్నది మొదటిది.

సవర ద్రావిడ భాష కాదు, ముండా కుటుంబానికి చెందినది. తెలుగు బడిలో అడుగుపెట్టిన గోండు పిల్లవాడికి రెండు, మూడు అనే మాటలు పూర్తిగా కొత్తవి కావు. ద్రావిడ భాషే అయిన గోండీలో వాటిని ‘రండ్’, ‘ముండ్’ అంటారు. సవర పిల్లకు ఆ పాటి ఆసరా కూడా లేదు. పైగా సవరల సంప్రదాయ లెక్కింపు తీరే వేరు. పన్నెండు వరకూ లెక్కపెట్టాక పదమూడును పన్నెండూ ఒకటిగా, పంతొమ్మిదిని పన్నెండూ ఏడుగా చెబుతారు. ఇరవై దగ్గర కొత్త కట్ట మొదలవుతుంది. ముప్పై మూడు అంటే ఇరవై, పన్నెండు, ఒకటి. పదుల స్థానం, ఒకట్ల స్థానం అంటూ నల్లబల్ల మీద గీతలు గీసే ఉపాధ్యాయుడికి ఈ సంగతి తెలియకపోతే సవర ఇంట్లో పెరిగిన పిల్ల లెక్కల్లో మందమతిగా కనిపిస్తుంది. తెలిస్తే, సంఖ్యలను రకరకాల కట్టలుగా కట్టవచ్చన్న లోతైన విషయాన్ని ఆ పిల్ల చేతే తరగతికి చెప్పించవచ్చు. రెండు భాషల వల్ల కలిగే లాభానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ మన ప్రాంతంలో దొరకదు.

రెండు భాషలు నెత్తిన పెడితే పసివాళ్ల బుర్ర గందరగోళపడుతుందని ఒకప్పుడు మనస్తత్వ శాస్త్రవేత్తలు కూడా నమ్మారు. 1962లో మాంట్రియల్‌లో పదేళ్ల పిల్లలపై పీల్, లాంబర్ట్ చేసిన అధ్యయనం ఆ నమ్మకాన్ని కదిలించింది. ఫ్రెంచి, ఇంగ్లీషు రెండూ బాగా వచ్చిన పిల్లలు ఒకే భాష వచ్చిన పిల్లల కంటే మెరుగ్గా రాణించారు. అయితే రెండు భాషల్లోనూ దిట్టలనే ఎంచుకోవడం ఫలితాన్ని ప్రభావితం చేసి ఉండవచ్చన్న విమర్శ వచ్చింది. అది న్యాయమైన విమర్శే. ఆ లోటును చాలావరకు తీర్చిన పని ఒడిశాలో జరిగింది. ఫుల్బణీ ప్రాంతపు కోందుల్లో కొందరు కుయీ, ఒడియా రెండూ మాట్లాడతారు. కొందరు కుయీని వదిలి ఒడియాకే పరిమితమయ్యారు. తెగ, ఆచారాలు ఒకటే, తేడా భాషలోనే. అజిత్ మహంతి ఈ రెండు వర్గాల పిల్లలను పోల్చి చూస్తే, భాష నిర్మాణాన్ని గమనించి మాట్లాడే శక్తిలో ద్విభాషా పిల్లలే ముందున్నారు.

ద్విభాషల వల్ల ఏకాగ్రత పెరుగుతుందన్న వాదనపై నేడు పరిశోధకుల్లో ఏకాభిప్రాయం లేదు. అనుకూల ఫలితాలే ఎక్కువగా అచ్చవుతున్నాయని 2015లో డి బ్రుయిన్ బృందం చూపించింది. కాబట్టి బహుభాషలను మెదడుకు టానిక్కులా ప్రచారం చేయడం తగదు. పాఠం అర్థం కావడం, బడిలో నోరు విప్పగలగడం అంతకంటే గట్టి ప్రయోజనాలు.

ఈ దృష్టితో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2004లో మొదలుపెట్టిన బహుభాషా విద్యా కార్యక్రమం విలువైనది. సవర, కువి, కొండ, కోయ, గోండి, కొలామి, బంజారా, ఆదివాసీ ఒడియా అనే ఎనిమిది భాషల్లో తెలుగు లిపితోనే పుస్తకాలు తయారయ్యాయి. ఒడిశా కొద్దికాలంలోనే పది భాషలతో ఇదే దారి పట్టింది. సవరకు సోరంగ్ సోంపెంగ్ అనే సొంత లిపి ఉంది. 1936లో మంగేయ్ గొమాంగో దాన్ని రూపొందించారు. అయినా ఇక్కడ తెలుగు లిపిని తీసుకోవడం సరైన నిర్ణయమే. సవర మాటతో నేర్చిన అక్షరం తర్వాత తెలుగు పాఠానికీ పనికొస్తుంది.

ఇంటిభాషను ఎంత త్వరగా వదిలిస్తే అంత మంచిదన్న తొందర మాత్రం ఇంకా తగ్గలేదు. సంతలో తెలుగులో బేరమాడే పిల్లను చూసి ‘దీనికి తెలుగు వచ్చేసింది’ అనుకుంటారు. కెనడాలో వలస కుటుంబాల పిల్లలపై జిమ్ కమిన్స్ చేసిన పరిశీలన ఈ భ్రమను పోగొడుతుంది. మాటామంతీకి సుమారు రెండేళ్లు చాలు, పాఠ్యపుస్తకపు భాష పట్టుబడటానికి ఐదు నుంచి ఏడేళ్లు పడుతుంది. ఒకటో తరగతిలోనే ఇంటిభాషను తీసేసి తెలుగునో, ఇంగ్లీషునో పెడితే ఆ ఏళ్లన్నీ పిల్ల అర్థంకాని చదువులోనే గడుపుతుంది. ఇంగ్లీషు కావాలన్న తల్లిదండ్రుల కోరికలో తప్పేమీ లేదు. ఆ ఇంగ్లీషు నిలవాలన్నా కింద పునాది ఉండాలి.

చట్టం కూడా ఈ పక్షానే ఉంది. భాషా అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించే బాధ్యతను 1956లో రాజ్యాంగంలో చేర్చిన 350ఎ అధికరణం రాష్ట్రాలకు అప్పగించింది. 2020 జాతీయ విద్యావిధానం కనీసం ఐదో తరగతి వరకు వీలైనంత మేరకు ఇంటిభాషలో బోధించమంటోంది. పుస్తకాలు అచ్చువేస్తే ఇది నెరవేరదు. ఆ భాష మాట్లాడే ఉపాధ్యాయుడు తరగతి గదిలో ఉండాలి, అతను బదిలీ అయితే ఆ స్థానంలోకి ఆ భాష వచ్చినవారే రావాలి.

ఏటా ఆగస్టు 29న, గిడుగు పుట్టినరోజున, తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. ఆ రోజు సవరలుండే సీతంపేట కొండల్లోని బడుల్లో తెలుగు పద్యంతో పాటు ఒక సవర కథ కూడా వినిపించేలా ఉపాధ్యాయులు, అధికారులు చూడాలి. ఆ కథ పిల్లలే చెప్పాలి, పంతులు వినాలి.