కోలార్ బంగారం ఏ రాతిది?

కుప్పం దగ్గర గుడుపల్లె మండలంలో చిగురుకుంట, బిసానత్తం గనులు ఉన్నాయి. 2001లో కోలార్ గనులతో పాటే ఇవీ మూతపడ్డాయి. బంగారం ధర ఎగబాకినప్పుడల్లా ఆ చుట్టుపక్కల ఒక మాట మళ్లీ వినిపిస్తుంది: కోలార్‌లో ఉన్న రాయే ఇక్కడా ఉంది కదా, అంత బంగారం ఇక్కడా ఉండాలి కదా అని. రాయి వరకు ఆ మాట నిజమే. బంగారం సంగతికి వస్తే, కోలార్ గనులే అందుకు అడ్డు చెబుతున్నాయి.

కోలార్ షిస్టు పట్టీ ఉత్తర దక్షిణాలుగా సుమారు 80 కిలోమీటర్లు సాగుతుంది. వెడల్పు ఎక్కువ చోట్ల మూడు నుంచి ఆరు కిలోమీటర్లు. దక్షిణపు కొస చిత్తూరు జిల్లాలోకి దిగుతుంది. ఇందులో ప్రధానమైన రాయి యాంఫిబొలైట్. సుమారు 270 కోట్ల ఏళ్ల కిందటి లావా, తర్వాత వేడికీ ఒత్తిడికీ లోనై ఇలా మారింది. రెండు వైపులా నీస్ శిలలు. యాంఫిబొలైట్ పట్టీ పొడవునా ఉంది. కానీ 120 ఏళ్లలో తీసిన దాదాపు 800 టన్నుల బంగారంలో అత్యధిక భాగం మైసూర్, చాంపియన్ రీఫ్, ఊరిగాం, నందిదుర్గ్ గనులున్న ఎనిమిది కిలోమీటర్ల మేర నుంచే వచ్చింది. ఇక్కడ ఆలోచించాల్సిన మొదటి సంగతి ఇదే.

ఆ బంగారంలో పెద్ద వాటా చాంపియన్ లోడ్‌ది. పశ్చిమానికి నిటారుగా వాలిన పలుగురాతి సిర అది. దాన్ని వెంబడించి గనివాళ్లు మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగారు. అందులోని మంచి ముక్కను కోసి నునుపు పెట్టి చూస్తే, నీలి ఛాయ ఉన్న బూడిద రంగు పలుగులో వెంట్రుక మందాన నల్లని చారలు ఒకదాని పక్కన ఒకటి కనిపిస్తాయి. అవి పక్కరాతి నుంచి చీలి వచ్చిన పొరలు. చీలిక ఒకసారి తెరుచుకుని, పలుగుతో పూడి, మళ్లీ అదే చోట తెరుచుకుంటూ పోయిందని వాటివల్ల తెలుస్తుంది. బంగారం ఎక్కువగా ఇలాంటి చారల రాతిలోనే దొరికేది. తెల్లని పాలపలుగు చాలావరకు వట్టిదే.

సిరలో బంగారంతో పాటు కొద్దిగా పైరోటైట్, ఆర్సెనోపైరైట్, గెలీనా, టుర్మలీన్ ఉంటాయి. టంగ్‌స్టన్ ఖనిజమైన షీలైట్ కూడా ఉంటుంది, అతినీలలోహిత దీపం కింద నీలితెలుపుగా వెలుగుతుంది. నాకు వీటికన్నా ముఖ్యంగా కనిపించేది సిర అంచు. చాలా బంగారు గనుల్లో అక్కడ క్లోరైట్, కార్బొనేట్ ఖనిజాలు కనిపిస్తాయి. ఇక్కడ డయాప్సైడ్, బయొటైట్, హార్న్‌బ్లెండ్ ఉన్నాయి. అంటే సిర ఏర్పడినప్పుడే రాయి బాగా వేడిగా ఉండి ఉండాలి. లేదా తక్కువ వేడిలో ఏర్పడిన సిరను తర్వాతి వేడి మార్చి ఉండాలి. నేను మొదటిదాని వైపే మొగ్గుతాను, ఎందుకంటే ఈ అంచు ఖనిజాలు సిరను అంటిపెట్టుకుని సన్నని పట్టీగా ఉన్నాయి. అయినా రెండోదాన్ని పూర్తిగా కొట్టిపారేయలేం.

చాంపియన్ లోడ్‌కు పడమరన ఉన్న లోడ్‌లు వేరే రకం. వాటిలో గంధకం కలిసిన ఖనిజాలు ఎక్కువ. ఇనుప పొరలున్న చెర్టు రాళ్లతో వాటికి దగ్గరి పొత్తు. ఆ పొరల వెంబడే ఉన్నాయి కాబట్టి, ఇవి ఆదికాలపు సముద్రగర్భంలో వేడినీటి ఊటలు పేర్చినవని కొందరు వాదించారు. పొరల అమరిక చూస్తే ఆ వాదన సబబుగానే ఉంటుంది. అయితే బంగారం వేడిద్రవంలో తరచూ గంధకంతో జతకట్టి ప్రయాణిస్తుంది. ఆ ద్రవం ఇనుము నిండిన రాతిని తాకితే గంధకం ఇనుముతో కలిసిపోతుంది, తోడు పోయిన బంగారం అక్కడే దిగబడుతుంది. కాబట్టి ఇనుప రాయి దగ్గర బంగారం దొరికినంత మాత్రాన రెండూ ఒకే కాలానివి అనుకోనక్కర్లేదు.

కాలం గురించి గట్టి ఆధారం 1989లో వచ్చింది. క్రోగ్‌స్టాడ్, బాలకృష్ణన్, రాజమణి తదితర భూశాస్త్రవేత్తలు పట్టీకి తూర్పున, పడమరన ఉన్న యాంఫిబొలైట్ల ఐసోటోపులను పోల్చారు. రెండూ భూమి లోపల వేర్వేరు మూలాల నుంచి వచ్చిన లావాలని తేల్చారు. ఈ శిలాఖండాలు పక్కపక్కకు చేరి, ఒరుసుకుని, నలిగింది 253 కోట్ల ఏళ్లకూ 242 కోట్ల ఏళ్లకూ మధ్య అని లెక్కగట్టారు. సిరలు ఆ నలుగుడు దారులను అనుసరిస్తున్నాయి కాబట్టి, బంగారం లావా చల్లబడిన పది కోట్ల ఏళ్లకు పైగా గడిచాకే వచ్చిందని అనుకోవచ్చు. ఒక హెచ్చరిక మాత్రం ఉంది: ఆ అంకెలు రాతి నలుగుడువి, బంగారు రేణువువి కావు. సిరలను అడ్డంగా కోసుకుపోయిన డోలరైట్ డైకులు బంగారం తమకన్నా ముందే ఉందని మాత్రమే చెబుతాయి.

మరి అంత బంగారం ఎక్కడిది? ఒక లెక్క వేసి చూద్దాం. మామూలు యాంఫిబొలైట్ టన్నులో రెండు మిల్లీగ్రాముల బంగారం ఉందనుకుందాం. 800 టన్నులు రావాలంటే 40,000 కోట్ల టన్నుల రాయి కావాలి, అంటే దాదాపు 135 ఘన కిలోమీటర్లు. అదీ ప్రతి రేణువూ కరిగి బయటికి వచ్చిందనుకుంటేనే. సగమే కరిగితే రాయి రెట్టింపు కావాలి. అప్పుడు గనులున్న ఎనిమిది కిలోమీటర్ల పొడవు, నాలుగు కిలోమీటర్ల వెడల్పు తీసుకున్నా, ఎనిమిది కిలోమీటర్ల లోతు వరకు రాతిని పిండాలి. సిర పక్కనున్న రాయి ఒక్కటే ఇంత ఇవ్వలేదు. చాలా లోతు నుంచో, చాలా దూరం నుంచో ద్రవాలు ఈ ఇరుకు దారిలోకి చేరి ఉండాలి. ఇది ఉజ్జాయింపు లెక్కే. టన్నుకు రెండుకు బదులు మూడు మిల్లీగ్రాములు అనుకున్నా తేల్చే సంగతి మాత్రం మారదు.

అందుకే గుడుపల్లె వైపు చూసినప్పుడు రాతి పేరు కన్నా దారి ముఖ్యమని నేను నమ్ముతాను. అటువైపు ఉన్న మల్లప్పకొండలో ఇనుప పొరల రాయి ఉంది, అంటే బంగారం చిక్కడానికి అనువైన చోటుంది. దానిలోకి ద్రవం వచ్చిందా, ఎంత వచ్చిందన్నది డ్రిల్లింగ్‌లో తీసిన రాతి కడ్డీలే చెప్పాలి: నలిగిన మండలం ఎంత వెడల్పుంది, చారల పలుగు ఉందా, ఆర్సెనోపైరైట్ రేణువుల్లో బంగారం ఇరుక్కుందా లేక విడిగా ఉందా. ఇరుక్కుని ఉంటే సయనైడ్‌తో సులువుగా విడిపోదు, ఖర్చు పెరుగుతుంది. ఇంకో చిక్కూ ఉంది. చాంపియన్ లోడ్‌లో కూడా బంగారం సమంగా పరుచుకుని లేదు, నిలువుగా దిగిన మందపాటి పాయల్లో పేరుకుంది. పాయకూ పాయకూ మధ్య పలుగు సన్నబడి వట్టిదైపోతుంది. ఒక బోరులో మంచి అంకె వచ్చినా, అసలే రాకపోయినా, దాని పక్కనే దగ్గర దగ్గరగా వేసిన మరికొన్ని బోర్ల ఫలితం చేతికొచ్చే దాకా ఆ అంకెతో గనికి విలువ కట్టలేం.