అద్దం అడ్డొచ్చిన లెన్సు

నా చేతిలో ఉన్న ఈ చిన్న లెన్సు జుపిటర్-8. జోర్కీ కెమెరాకి బిగించే మర రకం. తయారైంది సోవియట్ యూనియన్‌లోనే గానీ, పుట్టుక జర్మనీది. 1932లో జైస్ వాళ్ళ కాంటాక్స్ కెమెరాకి లుడ్విగ్ బెర్టెలె రూపొందించిన సోనార్ దీనికి మూలం. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ ఓడాక, నష్టపరిహారం కింద జైస్ యంత్రాలూ డిజైన్లూ సోవియట్ వాళ్ళకి వెళ్ళిపోయాయి.

మరి ఇంత మంచి లెన్సు దశాబ్దాలపాటు ఎందుకు మూలన పడింది? అద్దం వల్ల. ఈ రేంజ్‌ఫైండర్ లెన్సు అంచు ఫిల్ముకి 28.8 మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి. ఎస్‌ఎల్‌ఆర్ కెమెరాలో మధ్యన అద్దం పైకీ కిందికీ ఆడాలి కదా, అందుకని నికాన్‌లో ఆ దూరం 46.5. అక్కడ బిగిస్తే మరీ దగ్గరి వస్తువులు తప్ప ఏవీ ఫోకస్‌లోకి రావు. దూరం పెంచడమే గానీ తగ్గించడం మామూలు అడాప్టర్ వల్ల కాదు.

2008లో పానసోనిక్ జీ1 వచ్చింది, అద్దం తీసేశారు. నా సోనీలో ఆ దూరం 18 మాత్రమే. మిగతా 10.8ని ఒక లోహపు రింగు పూడ్చేస్తుంది. అంతే!

ఫోకస్ చేత్తోనే తిప్పుకోవాలి, మీటరు కంటే దగ్గరికి రాదు. ఎండకి ఎదురుగా పెడితే బొమ్మ వెలిసిపోతుంది. మా అమ్మమ్మని కిటికీ పక్కన కూర్చోబెట్టి తీశాను. ఇప్పుడు తెరమీద మీరు చూస్తున్నది ఆ ఫోటోనే.