ఇంగ్లీషు తప్పినోళ్ల చరిత్ర

ఇది కొంచెం పెద్ద పోస్టు. మూడు నాలుగు రాత్రులు కూర్చుని రాశాను. ఓపిక చేసుకుని చదవండి.

మా తండాలో మా కాకాకి ఒక రేకు పెట్టె ఉంది. పొలం పాసుబుక్కు, రేషను కార్డు, సేవాలాల్ మహరాజ్ పటం, వాటి అడుగున పాలిథిన్ కవర్లో మడత పెట్టిన పదో తరగతి మార్కుల మెమో. అన్ని సబ్జెక్టులూ పాస్. లెక్కల్లో 61. ఇంగ్లీషులో 27. ఆ ఎనిమిది మార్కుల కోసం ఫీజు కట్టి ఇంకోసారి రాశాడు, అప్పుడూ పోయింది. ఆ తర్వాత మిరపకోతలకి పోయాడు, ఇప్పటికీ పోతున్నాడు. మా ఊళ్లో ఎవరన్నా "నువ్వెంతదాకా చదివావు?" అని అడిగితే "టెన్త్ ఇంగ్లీషు తప్పింది" అంటాడు. టెన్త్ ఫెయిల్ అనడు. ఆ తేడా ఆయనకి ముఖ్యం.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, పోయిన నెల మా కాలేజీలో ఇంగ్లీషు మేడం సెమినార్ టాపిక్కులు చీటీల మీద రాసి పంచారు. నాకొచ్చిన చీటీలో ఉన్నది: చైనాలో హైస్కూలు ఆఖరి సంవత్సరం పిల్లల ఇంగ్లీషుని ఎలా పరీక్షిస్తారు. నేను తల పట్టుకున్నా. మన ఇంగ్లీషు పరీక్షే మనకి గండం, చైనావాళ్లది ఎందుకు అని. కానీ చదవడం మొదలుపెట్టాక ఒక విషయం దగ్గర ఆగిపోయాను.

చైనాలో పన్నెండో తరగతి అయ్యాక కాలేజీకి పోవాలంటే గావ్‌కావ్ అనే పరీక్ష రాయాలి. సాంస్కృతిక విప్లవం రోజుల్లో అది పదేళ్లకు పైగా ఆగిపోయింది. 1977 డిసెంబరులో మళ్లీ పెడితే 57 లక్షల మంది రాశారు. అందులో పొలాల్లో పని చేస్తున్నవాళ్లు, ఫ్యాక్టరీల్లో పని చేస్తున్నవాళ్లు చాలామంది. సీటు వచ్చింది మూడు లక్షల లోపు మందికే. అప్పుడు వాళ్ల ముందు ఒక చిక్కు ఉంది. ఇంగ్లీషు పరీక్ష పెట్టాలి, కానీ పదేళ్లుగా బళ్లలో అది సరిగ్గా చెప్పింది లేదు. పల్లెల్లో అయితే చెప్పేవాళ్లే లేరు. వాళ్లేం చేశారంటే, 1978లో విదేశీ భాష పేపరు రాయించారు కానీ మార్కులు మొత్తంలో కలపలేదు. 1979లో పెద్ద యూనివర్సిటీలకి మాత్రం అందులో 10 శాతం కలిపారు. తర్వాత 30, తర్వాత 50, 70. మొత్తం మార్కులు కలిపింది 1983లో. ఇప్పుడు మొత్తం 750 మార్కుల్లో ఇంగ్లీషువి 150, విని జవాబు రాసే భాగం కూడా ఉంటుంది. అక్కడ కూడా పట్నం పిల్లలకీ పల్లె పిల్లలకీ తేడా ఉండనే ఉంది, అదేం స్వర్గం కాదు. కానీ బడి సిద్ధమయ్యేదాకా పరీక్ష బరువు తగ్గించాలన్న ఆలోచన ఒక ప్రభుత్వానికి వచ్చింది చూడండి, నేను ఆగింది అక్కడే.

మరి మన దగ్గర ఎప్పుడైనా అలా జరిగిందా అని వెనక్కి వెతుక్కుంటూ పోయాను.

మన దగ్గర ఇది 1857లో మొదలైంది. ఆ ఏడు కలకత్తా, బొంబాయి, మద్రాసు యూనివర్సిటీలు పుట్టాయి. గుంటూరు, కృష్ణా ప్రాంతాలు మద్రాసు కిందకి వస్తాయి. యూనివర్సిటీలో చేరాలంటే మెట్రిక్యులేషన్ అనే ప్రవేశ పరీక్ష. అందులో ఇంగ్లీషు తప్పనిసరి. అదొక్కటే కాదు, చరిత్రయినా లెక్కలయినా ఇంగ్లీషులోనే రాయాలి. అంతకు ముందే 1844లో గవర్నర్ జనరల్ హార్డింజ్ సర్కారు ఉద్యోగాల్లో ఇంగ్లీషు చదువు వచ్చినవాళ్లకి ముందు అవకాశం ఇస్తామని ప్రకటించాడు. అందుకని మెట్రిక్ రాసేవాళ్లలో చాలామందికి కావాల్సింది కాలేజీ కాదు, గుమస్తా ఉద్యోగం. ఈ వైపు ఆ చదువు దొరికిన చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మచిలీపట్నంలో 1843లో నోబుల్ దొర పెట్టిన బడి, గుంటూరులో లూథరన్ మిషన్ వాళ్ల బడులు. ఆంధ్ర క్రిస్టియన్ కాలేజీ వచ్చింది 1885లో.

అప్పుడు మనోళ్లు ఎక్కడున్నారు? లంబాడీలు, ఎరుకలోళ్లు కోస్తా ఉప్పు, ధాన్యం ఎద్దుల మీద, గాడిదల మీద వేసుకుని పై ప్రాంతాలకి తిరుగుతున్నారు. యానాదులు వాగుల్లో చేపలు పడుతున్నారు. చెంచులు నల్లమలలో ఉన్నారు. తర్వాత రైలు వచ్చి ఉప్పు మోసే బతుకు పోయింది. బతుకు పోయినోళ్లని దొంగలన్నారు.

ఇక్కడ ఒక సంవత్సరం గుర్తుపెట్టుకోండి, 1911. మద్రాసు రాజ్యంలో మెట్రిక్ స్థానంలో ఎస్సెస్సెల్సీ వచ్చింది ఆ కాలంలోనే. స్కూల్ ఫైనల్ అని మన తాతల కాలంలో అన్నది అదే. అదే 1911లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టాన్ని తిరగరాసి మద్రాసు రాజ్యానికి కూడా వర్తించేలా చేశారు. 1913లో బాపట్ల పక్కన సాల్వేషన్ ఆర్మీ చేతుల మీదుగా స్టూవర్టుపురం ఏర్పడింది. నేను ఇప్పుడు ఉంటున్న తాడేపల్లికి ఆనుకునే సీతానగరం. బ్యారేజీ దిగగానే కొండ కనిపిస్తుంది కదా, అక్కడా ఎరుకలోళ్ల సెటిల్‌మెంటు ఉండేది. రాళ్ల క్వారీలో పని. బళ్లో పిల్లలకి హాజరు వేస్తారు. సెటిల్‌మెంట్లో పెద్దోళ్లకి కూడా హాజరు వేసేవాళ్లు, రాత్రి పూట. ఒక వైపు స్కూల్ ఫైనల్ హాల్ టికెట్టు, ఇంకో వైపు ఊరు దాటాలంటే పాసు. ఆ చట్టం మద్రాసులో 1947లో పోయింది, దేశం మొత్తం మీద 1952లో. అంటే స్కూల్ ఫైనల్ వచ్చిన మొదటి ముప్పై ఆరేళ్లు, ఆ చట్టం కింద ఉన్న ఇళ్లకి ఆ పరీక్ష పేరు కూడా చేరి ఉండదు.

ఈ కథలో నాకు బాగా నచ్చిన మనిషి గిడుగు రామమూర్తి గారు. ఆయన 1879లో మెట్రిక్ పాసై పర్లాకిమిడిలో పంతులుగా చేరారు. అక్కడ సవరల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకి సవరలోనే వాచకాలు రాశారు, సొంత ఖర్చుతో బళ్లు పెట్టారు. సవర భాషకి ఆయన రాసిన వ్యాకరణం 1931లో అచ్చయింది. అదే మనిషి వాడుక తెలుగు కోసం కొట్లాడారు. స్కూల్ ఫైనల్లో తెలుగు వ్యాసం ఏ తెలుగులో రాయాలన్న గొడవ మద్రాసు యూనివర్సిటీ దాకా పోయింది. 1914లో గురజాడ అప్పారావు గారు అసమ్మతి పత్రం రాసి ఇచ్చింది ఆ గొడవలోనే. ఆగస్టు 29న ఆయన పుట్టినరోజుని తెలుగు భాషా దినోత్సవం అని అన్ని కాలేజీల్లో చేస్తారు. మా కాలేజీలోనూ చేశారు. సవర మాట మాత్రం ఒక్కరి నోటా రాలేదు. పిల్లాడు ఇంట్లో మాట్లాడే భాష దగ్గర్నుంచి మొదలుపెట్టాలని వందేళ్ల కిందట ఆచరించి చూపించిన మనిషిని మనం సగమే గుర్తుపెట్టుకున్నాం.

1930ల చివర్లో మద్రాసు రాజ్యంలో హైస్కూలు పాఠాలు మాతృభాషల్లోకి వచ్చాయి. మంచిదే. కానీ అప్పట్నుంచే ఒక కొత్త రకం మనిషి పుట్టాడు: అన్నీ పాసై ఇంగ్లీషు ఒక్కటే తప్పినోడు. ముందు అన్నీ ఇంగ్లీషులోనే కాబట్టి వచ్చినోడికి అన్నీ వచ్చేవి, రానోడు గుమ్మం దగ్గరే ఆగేవాడు. ఇప్పుడు చరిత్ర, లెక్కలు, సైన్సు తెలుగులో బాగా రాసిన పిల్లాడు ఒక్క పేపరు దగ్గర పడిపోతున్నాడు. మా కాకా ఆ వరసలోవాడే. చెప్పేవాళ్లు తక్కువున్నారని సర్కారుకి తెలియకపోలేదు. ఇంగ్లీషు టీచర్లకి తర్ఫీదు ఇవ్వడానికే 1958లో హైదరాబాదులో కేంద్ర ఇంగ్లీషు సంస్థ పెట్టారు. ఇప్పటి ఇఫ్లూ అదే. తర్ఫీదు పల్లెకి చేరేలోపు పరీక్ష మాత్రం ఏటా మార్చిలో ఠంచనుగా వచ్చేది.

మార్చి అంటే మన వైపు ఏంటో మీకు చెప్పక్కర్లేదు. పత్తితీతలు అయ్యీ అవ్వగానే మిరపకోతలు. తండాలు తండాలే గుంటూరు వైపు దిగుతాయి. మా యాడి, బా కోతలకి పోతే తమ్ముణ్ణి చూసుకునేది నేనే. మార్చిలో పరీక్ష పెట్టినోళ్లకి మిరపకాయ మీద కోపమేం లేదు. వాళ్ల లెక్కలో ఆ నెల ఖాళీ నెల, అంతే.

1969లో పీయూసీ పోయి రెండేళ్ల ఇంటర్ అయింది, 1971లో ఇంటర్మీడియట్ బోర్డు వచ్చింది. మీడియం ఏదైనా రెండేళ్లూ ఇంగ్లీషు పేపరు ఉంటుంది, వందకి 35 వస్తే పాస్ అన్న లెక్కతోనే నేనూ రాశాను. ఆ పేపరు సంగతి కొంచెం చెప్పాలి. అందులో ఒక ప్రశ్న: ఈ మాటల్లో పలకని అక్షరాలేవో గుర్తించండి. ఇంకోటి: ఈ మాటలో ఎన్ని సిలబుల్స్ ఉన్నాయి? ఇంకోటి: ఈ ఉచ్చారణ గుర్తులు చూసి మాట రాయండి. అంటే ఎలా పలకాలో అడుగుతారు, కానీ పలకనివ్వరు. మూడు గంటల్లో ఒక్కసారి కూడా నోరు తెరవక్కర్లేదు. ఇద్దరి మధ్య సంభాషణ కూడా రాతలోనే. నేను సైలెంట్ అక్షరాలన్నీ గైడు చూసి బట్టీ పట్టాను. పరీక్షలో బాగానే రాశాను. ఆ తర్వాత డిగ్రీలో మొదటి రోజు మేడం ఇంగ్లీషులో పేరు అడిగితే లేచి నిలబడి, పేరు ఒక్కటి చెప్పి కూర్చున్నాను. మా జూనియర్ కాలేజీలో రెండో ఏడాది సగం దాకా ఇంగ్లీషు పోస్టు ఖాళీయే. కాలేజీ పేరు రాయను, ఒక్క కాలేజీ బాధ కాదు అది. నాతో రాసిన మా తండావాళ్లు నలుగురం. ఇద్దరు ఇంగ్లీషు తప్పారు. వాళ్లిద్దరూ నాకంటే మందకొడి కాదు.

పైగా మనకి ఇంగ్లీషు రెండో భాష కాదు, మూడోది. ఇంట్లో పాణి, బళ్లో నీళ్లు, పరీక్షలో వాటర్. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో బంజారా, సవర, కోయ, కువి లాంటి ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతులకి పుస్తకాలు వచ్చాయి. ఆ పుస్తకం నా చేతికి రాలేదు. వచ్చుంటే ఒకటో తరగతిలో ఏడాదంతా మూగగా కూర్చునేవాణ్ణి కాదేమో.

దగ్గరి చరిత్ర మీకందరికీ తెలిసిందే, తొందరగా చెప్తా. 2008లో సక్సెస్ పేరుతో సర్కారు హైస్కూళ్లలో ఇంగ్లీషు మీడియం సెక్షన్లు పెట్టారు. 2019 నవంబరులో ఒకటి నుంచి ఆరు దాకా అన్నీ ఇంగ్లీషు మీడియమే అని జీవోలు వచ్చాయి, 2020 ఏప్రిల్లో హైకోర్టు వాటిని కొట్టేసింది. 2023 జూన్‌లో ఇదే తాడేపల్లిలో, అప్పటి ముఖ్యమంత్రి క్యాంపు ఆఫీసులో, అమెరికా సంస్థ ఈటీఎస్‌తో ఒప్పందం జరిగింది. టోఫెల్ పరీక్షని సర్కారు బడి పిల్లలతో రాయించడానికి. టోఫెల్ 1964 నుంచి ఉంది. అమెరికా యూనివర్సిటీలకి పోయే విదేశీయుల కోసం పుట్టిన పరీక్ష. మన మూడో తరగతి పిల్లలకి వాళ్ల ప్రైమరీ రకం, పెద్ద తరగతులకి జూనియర్ రకం. 2024లో ప్రభుత్వం మారాక అదీ ఆగింది.

దాని మీద గొడవ రెండు పార్టీల గొడవగానే మిగిలింది. నేను ఆ జోలికి పోను. కానీ ఒక్క మాట. అప్పుడు మా చెల్లి హాస్టల్ బళ్లో చదువుతోంది. క్లాసులో టీవీ మీద ఇంగ్లీషు మాటలు వినిపించి, ఏం విన్నారో అడిగేవాళ్లంట. "మొదట ఒక్క ముక్క అర్థం కాలేదన్నా, నెల తర్వాత కొంచెం కొంచెం తెలిసింది" అంది. మా ఇంట్లో ఇంగ్లీషుని చెవితో నేర్చుకున్న మొదటి మనిషి అదే. నూట అరవై ఏళ్ల పరీక్షల చరిత్రలో వినడం అన్నది మా గడపకి వచ్చింది ఆ ఒక్క ఏడాది. అది మంచి పథకమా చెడ్డదా నాకు తెలియదు. వినిపించడం మాత్రం మంచిదే, దానికి అమెరికా పరీక్షే అక్కర్లేదు కూడా.

ఇదంతా చదివి, ఇంగ్లీషు తీసేయమంటున్నావా అని అడిగే అన్నలు గ్రూపులో ఉన్నారని తెలుసు. కాదన్నా. ఇంగ్లీషు రాకపోతే నేను ఈ సెమినార్ కోసం చైనా సంగతి చదివేవాణ్ణే కాదు. పైవాళ్ల పిల్లలు ఇంగ్లీషులో చదువుకుంటూ మనకి మాత్రం తెలుగు గొప్పదని చెప్తే నాకూ మండుద్ది. నేను అడిగేది వేరే. సారు లేని బడికీ, ముగ్గురు సార్లున్న బడికీ ఒకటే పేపరు, ఒకటే 35, మొదటి రోజు నుంచి పూర్తి బరువు. దీన్ని మనం ఎప్పుడూ ప్రశ్నించలేదు. తప్పినోడు వాడి తెలివిని తిట్టుకున్నాడు, మనం కూడా వాణ్ణే తిట్టాం. మా బా ఇప్పటికీ కాకాని తిడతాడు, ఆ ఎనిమిది మార్కులు తెచ్చుకోలేకపోయావురా అని. ఆ ఏడాది బడిలో ఇంగ్లీషు సారు ఉన్నాడా అని మొన్న ఫోన్లో నేను అడిగేదాకా ఎవరూ అడగలేదంట. కాకా కాసేపు మాట్లాడలేదు.

సెమినార్ అయిపోయింది. తడబడుతూనే పది నిమిషాలు ఇంగ్లీషులో చెప్పాను. ఇప్పుడు మీతో ఒక పని ఉంది. మీ ఇళ్లల్లో పెట్టెల్లో, అటకల మీద ఇలాంటి మెమోలు ఉంటాయి. బయటికి తీయండి. పేర్లు వద్దు, ఊరు వద్దు. మూడే రాయండి: ఏ సంవత్సరం, ఇంగ్లీషులో ఎన్ని మార్కులు, ఆ ఏడు బడిలో ఇంగ్లీషు చెప్పేవాళ్లు ఉన్నారా లేరా. వంద వస్తే ఒక కాగితం మీదకి ఎక్కిద్దాం. మొదటిది నేనే రాస్తున్నా.

1996. 27. లేరు.